ఆంబల్ పెంకుకు ఏ రంగు, ఎంత మెరుపు?

సాగరతీరం (విశాఖపట్నం)

సభ్యులందరికీ నమస్కారం. బల్ల మీద చిన్న బొమ్మల సైన్యాలతో ఆడే వార్‌హామర్ 40,000 ఆటకు చెందిన ఆంబల్ అనే జంతువు మినియేచర్ (చిన్న బొమ్మ) ఒకటి ఇటీవల నా సేకరణలో చేరింది. బ్లాక్‌స్టోన్ ఫోర్ట్రెస్ అనే బోర్డు ఆటకు అనుబంధంగా 2019లో విడుదలైన ప్లాస్టిక్ బొమ్మ ఇది. పెట్టెలో దీనితో పాటు బోర్‌విర్మ్‌లనే పురుగుల గుంపులు కూడా ఉన్నాయి. ఈ జంతువును చూడనివారికి నాలుగు మాటల్లో చెప్పాలంటే, గొరిల్లా భుజాలు, పొట్టి కాళ్లు, వీపు నిండా పురుగు పెంకు, రాతిని తవ్వుకుంటూ పోవడానికి పనికివచ్చే పెద్ద పెద్ద గోళ్లు, నోటికి రెండు పక్కలా కొండీలు.

నా దగ్గర ఇంతవరకు ఉన్నవన్నీ సైనికుల బొమ్మలే. ముదురాకుపచ్చ దుస్తులు, బూడిదరంగు కవచాలు, తుప్పు పట్టిన ట్యాంకులు. యూనిఫారం ఉన్న బొమ్మలకు రంగు నిర్ణయించడం తేలిక. ఒకదానికి ఏది వేశామో తక్కినవాటికీ అదే వేసుకుంటూ పోతాం. ఈ జంతువుకు యూనిఫారం లేదు, జెండా లేదు, తుపాకీ అసలే లేదు. ఊరికే గోధుమరంగు పూసేస్తే బల్లకు అవతల కూర్చున్నవారు దీన్ని ఎలుగుబంటి అనుకుంటారు. పెంకు పెంకులాగా, చర్మం చర్మంలాగా కనిపించాలంటే ఏ రంగులు తీసుకోవాలి, ఏ క్రమంలో వేయాలి? ఈ వానాకాలంలో, మా ఊరి తేమలో స్ప్రే ప్రైమర్ (రంగు పట్టడానికి ముందుగా వేసే అడుగుపూత) వాడవచ్చా అన్నది రెండో సందేహం.

పాచికలు (హైదరాబాదు)

మంచి బొమ్మ తెచ్చుకున్నారు. ఆంబల్ ఈ ఆట పుట్టిననాటి జంతువు. 1987లో వచ్చిన మొదటి కూర్పులోనే దీని ప్రస్తావన ఉంది, ఆ కాలంలోనే ఈ ఆట తయారీదారు గేమ్స్ వర్క్‌షాప్ బొమ్మల విభాగమైన సిటడెల్ వారు లోహపు బొమ్మ కూడా పోశారు. తర్వాత ఆట నియమాలు ఎన్నోసార్లు మారాయి, సైన్యాలు పెరిగాయి, ఇటువంటి వింత జంతువులు చాలావరకు మరుగున పడిపోయాయి. కొత్త ప్లాస్టిక్ బొమ్మ కోసం పాత ఆటగాళ్లు మూడు దశాబ్దాలకు పైగా ఎదురుచూడవలసి వచ్చింది. ఇది ఎడారి గ్రహపు జీవి అన్నది మొదటినుంచీ చెబుతున్న మాట. అంతకు మించి దీని రంగు ఇదేనని కట్టడి చేసే సంప్రదాయం ఏదీ లేదు కనుక, పెట్టె మీది చిత్రాన్ని పక్కన పెట్టి మీకు నచ్చినది ఎంచుకోవచ్చు.

ముందుగా ఒక విషయం తేల్చండి. ఇది ఆటలో చేతులు మారే బొమ్మా, అద్దాల అలమరలో నిలబడే బొమ్మా? దాన్ని బట్టే సలహా మారుతుంది.

సాగరతీరం

రెండూ. నెలకు ఒకటి రెండుసార్లు ఆటలోకి దిగుతుంది, తక్కిన రోజుల్లో అలమరలో ఉంటుంది.

సన్నకుంచె (అమలాపురం)

సాగరతీరం గారూ, రంగు సంగతి తర్వాత చూద్దాం. ఈ బొమ్మ విషయంలో రంగు కన్నా ముందు ఆలోచించవలసింది ఉపరితలం గురించి అని నా అభిప్రాయం. పెంకు మెరవాలి, చర్మం మెరవకూడదు. ఈ ఒక్క తేడా సరిగ్గా కుదిరితే రెండింటికీ దాదాపు ఒకే రంగు వేసినా చూసేవారి కన్ను వాటిని రెండు వేర్వేరు పదార్థాలుగా గుర్తిస్తుంది. అది కుదరకపోతే పెంకుకు నీలం, చర్మానికి నారింజ వేసినా మొత్తం బొమ్మ ఒకే ప్లాస్టిక్ ముద్దలాగా ఉంటుంది.

మా కొబ్బరి తోటల్లో కొమ్ము పురుగు అందరికీ తెలిసినదే. రైతుకు అది శత్రువే గాని, మనవంటి వారికి మాత్రం చక్కని నమూనా. చేతిలోకి తీసుకుని చూడండి. దూరం నుంచి నల్లగా కనిపించే ఆ పెంకు దగ్గరకు తెస్తే ముదురు గోధుమ. వెలుతురు పడినచోట తెల్లటి సన్నని గీత ఒకటి ఉంటుంది, ఆ గీత అంచు పదునుగా తెగిపోతుంది గాని మెల్లగా కరిగిపోదు. అదే పురుగును వెల్లకిలా తిప్పితే అడుగుభాగం ఎర్రటి గోధుమరంగులో ఉంటుంది. పైన చల్లగా, కింద వెచ్చగా. ఆంబల్‌కు కూడా వీపు మీది పెంకు చల్లని ముదురు రంగులోను, పొట్ట, మోచేతుల లోపలి భాగం, మెడ మడతలు వెచ్చని లేత రంగులోను ఉంటే సహజంగా ఉంటుంది.

బేస్ రంగులు (మొదటి పూతలు) వేసిన తర్వాత ఫోనుతో ఫొటో తీసి దాన్ని నలుపు తెలుపులోకి మార్చి చూడండి. అందులో పెంకూ చర్మమూ ఒకే బూడిదరంగులో కలిసిపోతే, రంగులు ఎంత భిన్నంగా ఉన్నా బల్ల మీద ఆ తేడా నిలవదు. అప్పుడు పెంకును ఇంకా ముదురు చేయాలి, లేదా చర్మాన్ని ఇంకా లేత చేయాలి.

రంగులరాట్నం (డాలస్)

మెరుపే కావాలనుకుంటే ఇంత శ్రమ ఎందుకండీ? చూసే కోణాన్ని బట్టి ఊదా నుంచి ఆకుపచ్చకు, ఆకుపచ్చ నుంచి బంగారానికి మారే రంగులు ఇప్పుడు తయారుగా దొరుకుతున్నాయి. స్పెయిన్‌లోని గ్రీన్ స్టఫ్ వరల్డ్ వారివి నేను ఎక్కువగా వాడుతుంటాను. పద్ధతి సులభం. పెంకు మొత్తానికి గ్లాస్ (gloss, నిగనిగలాడే) నలుపు వేసి, బాగా ఆరనిచ్చి, దాని మీద ఎయిర్‌బ్రష్‌తో (గాలి ఒత్తిడితో రంగు చల్లే పరికరం) ఈ రంగును రెండు మూడు పలుచని పూతలుగా చల్లడమే. అడుగున నలుపు ఎంత నున్నగా, ఎంత నిగనిగలాడుతూ ఉంటే పైరంగు అంత బాగా మారుతుంది. మట్టు (matt, మెరుపు లేని) నలుపు మీద వేస్తే సగం అందం పోతుంది. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో దాచుకున్న బంగారు పురుగు పెంకు సరిగ్గా ఇలాగే ఉండేది. సైన్యం నిండా మట్టిరంగులున్న సేకరణలో ఇటువంటి జంతువు ఒకటి నిలబడితే, ఆట చూడటానికి వచ్చినవారి చూపు ముందు దాని మీదకే పోతుంది.

ట్రెంట్ ఒడ్డు (నాటింగ్‌హామ్)

రంగులరాట్నం గారితో కొంతవరకే ఏకీభవిస్తాను. మా ఊళ్లోనే గేమ్స్ వర్క్‌షాప్ ప్రధాన కార్యాలయమూ, దాని ఆవరణలో వార్‌హామర్ వరల్డ్ ప్రదర్శనశాలా ఉన్నాయి గనుక, అద్దాల వెనుక పెట్టిన బొమ్మలను తీరికగా చూసే అవకాశం నాకు తరచుగా దొరుకుతుంది. అక్కడ గమనించిన విషయం ఒకటుంది. అంగుళం, రెండంగుళాల ఎత్తున్న బొమ్మ మీద అసలు వెలుతురు తగినంత నీడను పుట్టించలేదు. మనిషి ముఖం మీద ముక్కు కింద పడేంత నీడ బొమ్మ ముక్కు కింద పడదు. అందుకే చిత్రకారులు నీడను, వెలుగును కూడా రంగుతోనే వేస్తారు. పై నుంచి వెలుతురు పడుతున్నట్టు ఊహించుకుని, పైకి తిరిగిన ప్రతి తలాన్నీ లేతగా, కిందికి తిరిగినదాన్ని ముదురుగా చేస్తారు.

రంగు మారే పూత ఈ పనికి అడ్డు వస్తుంది. అది తన వెలుగును తానే పుట్టించుకుంటుంది, బొమ్మను తిప్పినప్పుడల్లా దాన్ని చోటు మారుస్తుంది. ఆంబల్ వీపు మీద పలకల మీద పలకలు పేర్చినట్టున్న పెంకు ఉంది, ఒక్కో పలక అంచు ఎక్కడ ముగిసి ఇంకొకటి ఎక్కడ మొదలవుతుందో కనిపించడమే ఆ బొమ్మ అందం. మొత్తం వీపుకు రంగు మారే పూత వేస్తే ఆ అంచులు కనబడవు, ఫొటోలో అయితే వీపు ఒకే గుండ్రటి డబ్బాలాగా వస్తుంది. బంగారు పురుగు అందంగా ఉండటానికి కారణం దాని పెంకు ఆకారం సాదాగా ఉండటమే. శిల్పి ఇంత వివరం చెక్కిన చోట ఆ వివరాన్ని చూపించే పద్ధతినే ఎంచుకోవాలి.

జరీ అంచు (హైదరాబాదు)

బంగారు పురుగుల మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న పిట్టకథ. 19వ శతాబ్దంలో మద్రాసు, హైదరాబాదు వంటి చోట్ల ఈ పురుగుల రెక్క పెంకులను సన్నని మస్లిన్ మీద జరీతో కలిపి కుట్టి, ఇంగ్లండుకు ఎగుమతి చేసేవారు. 1888లో లేడీ మాక్‌బెత్ పాత్ర కోసం ఎలెన్ టెర్రీ అనే నటి ధరించిన దుస్తుల మీద కూడా ఇటువంటి పెంకులే కుట్టారు, ఆ దుస్తుల్లో ఆమెను సార్జెంట్ అనే చిత్రకారుడు చిత్రించాడు. ఇన్నేళ్లయినా ఆ పెంకుల ఆకుపచ్చ వెలిసిపోలేదు. ఆ ఆకుపచ్చ పెంకులోని సన్నని పొరల మీద వెలుతురు ప్రతిఫలించడం వల్ల పుడుతుంది గాని రంగుపదార్థం వల్ల కాదు, అందుకే ఎండకు వెలవదు.

దీన్ని ఇక్కడెందుకు చెబుతున్నానంటే, ఆ కుట్టుపని చేసినవారు గుడ్డ మొత్తాన్ని పెంకులతో కప్పలేదు. మెరవని గుడ్డను ఎక్కువగా వదిలి, మెరిసే పెంకును ముక్కలుగా అక్కడక్కడ మాత్రమే పెట్టారు. రాట్నం గారి రంగునూ ట్రెంట్ ఒడ్డు గారి అభ్యంతరాన్నీ కలిపి ఆలోచిస్తే, వీపు మీది పెద్ద పలకలకు మామూలు రంగులు వేసి, భుజాల మీద వెలుతురు ఎక్కువగా తగిలే ఒకటి రెండు పలకల మధ్యభాగంలో మాత్రం రంగు మారే పూతను పలుచగా తాకించవచ్చు.

రంగులరాట్నం

జరీ అంచు గారి మధ్యేమార్గం నాకు సమ్మతమే. ట్రెంట్ ఒడ్డు గారి అభ్యంతరం ఫొటోల విషయంలో నిజమే గాని, బల్ల మీద ఆడేవారు బొమ్మను ఫొటోలో చూడరు, చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తారు. ఆ ఆనందాన్ని తక్కువ చేయకూడదు.

సాగరతీరం

అందరికీ కృతజ్ఞతలు. చర్చ చదివాక ఒక నిర్ణయానికి వచ్చాను. పెంకు నలుపుకు దగ్గరగా ఉండే ముదురాకుపచ్చ, చర్మం నేల కింద బతికే జీవులకు ఉండే పాలిపోయిన గులాబీ. రెండింటికీ నలుపు తెలుపు ఫొటోలో కూడా తేడా నిలుస్తుంది. ఇప్పుడు నా రెండో సందేహానికి రండి. బయట ఎడతెగని వాన. ఇంట్లో స్ప్రే డబ్బా ఉంది. ఫెవిక్రిల్ సీసాలు కూడా ఉన్నాయి, అవి ఈ పనికి వస్తాయా?

పాచికలు

ఈ వారం స్ప్రే డబ్బా జోలికి పోకండి. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు ప్రైమర్ బిందువులు బొమ్మను చేరేలోపే, లేదా ఆరే సమయంలోనే తేమను పట్టుకుంటాయి. ఉపరితలం నున్నగా రాకుండా పొడిపొడిగా, గరుకుగా, కొన్నిసార్లు తెల్లటి మంచు పట్టినట్టుగా తయారవుతుంది. సైనికుడి బొమ్మ మీద ఆ గరుకుదనాన్ని దుమ్ము అని సరిపెట్టుకోవచ్చు. పెంకు నున్నగా ఉండటమే ముఖ్యమైన ఈ బొమ్మ మీద అది మొత్తం శ్రమను పాడుచేస్తుంది.

కుంచెతో వేసే ప్రైమర్ తెచ్చుకోండి. వాలెహో వారి సర్ఫేస్ ప్రైమర్ అటువంటిది. డబ్బాలో పీడనంతో నింపిన స్ప్రేలను విమానంలో పంపడానికి ఆంక్షలుంటాయి, సీసాలో వచ్చే ప్రైమర్‌కు ఆ బాధ లేదు, తెప్పించుకోవడం తేలిక. కాస్త వెడల్పైన మెత్తని కుంచెతో పలుచగా వేసి, గుంటల్లో నిలబడిన ద్రవాన్ని పొడి కుంచెతో పీల్చి, పూర్తిగా ఆరాక రెండో పూత వేయండి. ముందు మొత్తం నలుపు. అది ఆరాక పై నుంచి వెలుతురు పడే చోట్ల మాత్రం తెలుపును డ్రై బ్రష్‌తో (రంగు దాదాపు తుడిచేసిన పొడి కుంచెతో) రుద్దండి. ఎయిర్‌బ్రష్ లేకుండానే వెలుగునీడల పటం ఒకటి బొమ్మ మీద తయారవుతుంది, తర్వాత వేసే పలుచని రంగులకు అదే దారి చూపిస్తుంది.

అచ్చు గీతలను (అచ్చు రెండు భాగాలు కలిసే చోట ప్లాస్టిక్ మీద మిగిలే సన్నని గట్లను) మాత్రం ప్రైమర్‌కు ముందే తీసేయండి. భుజాల పెంకు అంచుల వెంట అవి దాక్కుంటాయి. హాబీ కత్తి వెన్నుతో గీకితే చాలు, పదును వైపు వాడితే ప్లాస్టిక్‌లో గాడి పడుతుంది. ఫెవిక్రిల్‌ను స్టాండు మీది ఇసుకకు, రాళ్లకు నిశ్చింతగా వాడుకోండి. ఆ రంగు చిక్కన, నీళ్లు కలిపి బాగా పలుచన చేస్తే పట్టు తప్పి మచ్చలుగా విడిపోతుంది, కాబట్టి చర్మం మీద పొరలు పొరలుగా వేసే పనికి మినియేచర్ల కోసం తయారుచేసిన రంగులే మంచివి.

సీసపుబొమ్మ (బెంగళూరు)

ఈ చర్చ నాకు సరైన సమయంలో కంటపడింది. నా దగ్గర ఉన్నది పాత లోహపు ఆంబల్. చేతులు మారి మారి నా దాకా వచ్చింది. ఎవరో దాని మీద ఎనామెల్ రంగు దట్టంగా పూశారు, ముఖంలో కళ్లకూ కొండీలకూ తేడా తెలియడం లేదు. ఆ రంగును ఊడదీయడానికి అసిటోన్ వాడవచ్చా?

సన్నకుంచె

లోహానికి అసిటోన్ హాని చేయదు. అయితే బొమ్మ అడుగున ఉన్న స్టాండు ప్లాస్టిక్‌దైతే ముందు దాన్ని ఊడదీయండి, లేకపోతే స్టాండు కరిగిపోతుంది. సాగరతీరం గారు మాత్రం తమ ప్లాస్టిక్ బొమ్మకు అసిటోన్‌ను దరిదాపులకు కూడా రానివ్వకూడదు.

ఇంతకన్నా నెమ్మదైన మార్గం మన ఇళ్లలో గాయాలు కడిగే డెట్టాల్. ఇంగ్లండులో పాత బొమ్మల సేకర్తలు దీన్ని చాలాకాలంగా వాడుతున్నారు. నీళ్లు కలపకుండా గాజు సీసాలో పోసి, బొమ్మను ఒక రాత్రంతా ముంచి ఉంచి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే రంగు పొరలుగా ఊడివస్తుంది. ఇక్కడే ఒక మెలిక ఉంది. రంగు పూర్తిగా వదలకముందే బొమ్మను నీళ్ల కింద పెట్టకూడదు. నీరు తగలగానే వదిలిన రంగంతా జిగట ముద్దగా మారి గుంటల్లో ఇరుక్కుంటుంది, ఇక దాన్ని తీయడం గగనం. కాబట్టి మొదట రుద్దడం, కడగడం కూడా డెట్టాల్‌తోనే చేసి, రంగు ఆనవాలు లేనప్పుడు మాత్రమే సబ్బునీళ్లకు పోవాలి. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోండి, కిటికీ తీసిపెట్టండి.

మీది నిజంగా 1980ల నాటి బొమ్మ అయితే ఆ లోహంలో సీసం ఉంటుంది. గేమ్స్ వర్క్‌షాప్ వారు సీసం లేని మిశ్రమానికి మారింది 1990ల చివరిలో. అటువంటి బొమ్మను పొడిగా ఆకురాయితో రుద్దకండి, తడిపి రుద్దండి, పొడిని తడిగుడ్డతో తుడిచి పారేయండి, పని అయ్యాక చేతులు కడిగిన తర్వాతే అన్నం దగ్గర కూర్చోండి. పిల్లలున్న ఇల్లయితే ప్రైమర్, వార్నిష్ పూర్తయ్యేదాకా బొమ్మను వారికి అందనివ్వకండి.

కొత్తకుంచె (వరంగల్లు)

మధ్యలో వస్తున్నందుకు పెద్దలు మన్నించాలి. ఒకే పూతలో నీడా వెలుగూ వచ్చే కాంట్రాస్ట్ రంగులతో ఈ బొమ్మను ఒక సాయంత్రంలో పూర్తిచేయలేమా?

ట్రెంట్ ఒడ్డు

చర్మం వరకు చేయవచ్చు తమ్ముడూ. సిటడెల్ వారు 2019లో తెచ్చిన ఆ రంగులు ముడతలున్న చోట బ్రహ్మాండంగా పనిచేస్తాయి, రంగు గుంటల్లోకి జారి గట్ల మీద పలుచబడుతుంది. నున్నటి వెడల్పైన పలకల మీద మాత్రం జారడానికి గుంట లేక, మధ్యలో మచ్చలుగా ఆగిపోతుంది. ఆంబల్ వీపు సరిగ్గా అటువంటి చోటే. చర్మానికి కాంట్రాస్ట్ వేసి, పెంకును మామూలు పొరలతో చేసుకో.

సన్నకుంచె

పెంకు పలకను నేను ఎలా వేస్తానో వివరంగా చెబుతాను, సాగరతీరం గారికి పనికిరావచ్చు. మొదట పలక మొత్తానికి నలుపు కలిపిన ముదురాకుపచ్చ. అది ఆరాక, పలక పైభాగంలో సగానికి కొంచెం తక్కువ మేర అసలు ఆకుపచ్చ. ఈ రెండింటి మధ్య సరిహద్దు కనిపిస్తూ ఉంటుంది. ఇప్పుడు రెండూ కలిపిన రంగును నీళ్ల మజ్జిగంత పలుచగా చేసి, కుంచెను గుడ్డకు ఒత్తి సగం తడి తీసేసి, సరిహద్దు మీద వెలుగు వైపు నుంచి నీడ వైపుకు లాగాలి. కుంచెను ఎత్తిన చోట రంగు ఎక్కువగా నిలుస్తుంది కనుక ఎప్పుడూ నీడలోనే ఎత్తాలి. ఆరనిచ్చి మళ్లీ లాగాలి. సరిహద్దు మాయమైనాక, పలక అంచు వెంట లేత పసుపుపచ్చతో సన్నని గీత. అన్నిటికన్నా చివర, వెలుతురుకు ఎదురుగా ఉన్న చోట దాదాపు తెల్లని చిన్న చుక్కో, గీతో. దీన్ని మాత్రం కలపకూడదు, కరిగించకూడదు. పెంకు గట్టిగా, నున్నగా ఉందని చూసేవారికి చెప్పేది ఆ పదునైన చుక్కే.

చర్మం మీద దీనికి పూర్తిగా ఎదురుగా వెళ్లాలి. అక్కడ పదునైన గీత ఒక్కటి కూడా ఉండకూడదు, అన్నీ ఒకదానిలోకి ఒకటి మెల్లగా కలిసిపోవాలి. మెడ మడతల్లోను, పెంకు చర్మాన్ని తాకే చోటను కాస్త ఊదా కలిపిన గ్లేజ్ (అడుగు రంగు కనిపించేంత పలుచని పూత) ఒకటి లాగితే, చర్మం పెంకు కిందికి పోతున్నట్టు కనిపిస్తుంది.

సాగరతీరం

మీరు చెప్పిన క్రమంలోనే వీపు పూర్తిచేశాను. భుజాల మీది రెండు పెద్ద పలకల నడుమ రంగులరాట్నం గారి రంగును కుంచెతోనే పలుచగా తాకించాను. బొమ్మను తిప్పితే అక్కడ మాత్రం ఆకుపచ్చలోంచి ఊదా తొంగిచూస్తోంది, తక్కిన వీపు నిలకడగా ఉంది. ఇక గోళ్లు, స్టాండు మిగిలాయి. గోళ్లకు ఎముక రంగు వేద్దామనుకుంటున్నాను. స్టాండుకు మా భీమిలి ఎర్రమట్టి దిబ్బల రంగు వస్తే ఆకుపచ్చ పెంకుకు బాగా ఎదురునిలుస్తుందని ఆలోచన.

జరీ అంచు

ఎరుపు నేల మీద ఆకుపచ్చ పెంకు అన్నది మంచి ఆలోచన. అయితే ఎర్రమట్టి దిబ్బలు రక్షిత భూవారసత్వ స్థలం, అక్కడి మన్ను గుప్పెడైనా తేవద్దు. ఇంటి దగ్గర దొరికే ఇసుకను టీ వడపోతతో జల్లించి, ఫెవికాల్‌లో కాసిన్ని నీళ్లు కలిపి స్టాండు మీద రాసి, ఇసుక చల్లి, ఆరాక ఎర్రటి గోధుమరంగు వేస్తే సరిపోతుంది.

ట్రెంట్ ఒడ్డు

గోళ్లకు ఎముక రంగు వద్దంటాను. అందరూ అదే వేస్తారు, ఈ బొమ్మ మీద అది చర్మంతో కలిసిపోయే ప్రమాదం కూడా ఉంది. గోరు మొదలు పెంకు రంగులోనే ముదురుగా ఉంచి, కొనకు పోయేకొద్దీ బూడిదరంగులోకి తెచ్చి, కొన మీద నిలువుగా సన్నని గీతలు గీయండి. రాతిని తవ్వే గోరు అరిగి, గీతలు పడి ఉంటుంది. దాని మీద స్టాండుకు వేసిన ఎర్రరంగునే పొడి కుంచెతో కాస్త రుద్దితే, ఇప్పుడే నేలలోంచి లేచినట్టు ఉంటుంది. గోళ్లను మాత్రం మెరవనివ్వకండి.

పాచికలు

వార్నిష్ గురించి ఎవరూ చెప్పలేదు. ఇంత శ్రమపడి చివర్లో మొత్తానికి మట్టు వార్నిష్ కొడితే పెంకు చచ్చిపోతుంది, రంగు మారే పూత కూడా మందగిస్తుంది. ముందు మొత్తం బొమ్మకు కుంచెతో గ్లాస్ వార్నిష్ పలుచగా వేయండి, చేతులు మారే బొమ్మకు అది మంచి రక్షణ. పూర్తిగా ఆరాక చర్మానికి, గోళ్లకు, స్టాండుకు మట్టు వార్నిష్. పెంకును ఉన్నది ఉన్నట్టు వదిలేస్తే గ్లాస్ మరీ ఎక్కువై, సన్నకుంచె గారు చెప్పిన తెల్ల చుక్క అసలు వెలుతురు మెరుపుతో పోటీ పడుతుంది. అందుకని పెంకుకు గ్లాస్, మట్టు సమపాళ్లలో కలిపిన శాటిన్ (మధ్యరకం మెరుపు) వేయండి. రంగు మారే పలకల నడిమి భాగం, కళ్లు, నోటి కొండీలు, ఈ మూడింటినే గ్లాస్‌గా ఉంచండి. వార్నిష్ కూడా స్ప్రే అయితే వాన వెలిసేదాకా ఆగవలసిందే, ప్రైమర్‌కు పట్టే తెల్లమంచే దానికీ పడుతుంది, అప్పుడు నష్టం ఇంకా ఎక్కువ.

రంగులరాట్నం

బోర్‌విర్మ్‌ల సంగతి ఏం చేశారు? తొలకరికి నేల మీద కనిపించే ఆరుద్ర పురుగులాగా మఖమల్ ఎరుపు వేస్తే ఎలా ఉంటుంది? మెరుపు అసలే లేని ఎరుపు, పెంకుకు సరైన జోడు.

సాగరతీరం

ఆలోచన బాగుంది గాని, ఎర్ర స్టాండు మీద ఎర్ర పురుగులు కనబడవు కదా.

జరీ అంచు

పురుగుల స్టాండ్లకు ఎర్రమట్టి బదులు బూడిదరంగు రాతిని పెట్టండి. ఆంబల్ తవ్విన సొరంగం లోపలిది ఆ రాయి అనుకుందాం. అంచుల దగ్గర మాత్రం పెద్ద స్టాండు మీది ఎర్ర ఇసుకను కొద్దిగా రాల్చితే రెండూ ఒకే చోటివని తెలుస్తుంది.

సాగరతీరం

అలాగే చేస్తాను. వాన తగ్గగానే వార్నిష్ వేసి, పగటి వెలుతురులో రెండు పక్కల నుంచీ ఫొటోలు తీసి ఇక్కడే పెడతాను. సీసపుబొమ్మ గారు తమ లోహపు ఆంబల్ రంగు ఊడాక ముఖం ఎలా ఉందో కూడా చూపిస్తే, పాత కొండీలకూ కొత్త కొండీలకూ తేడా ఏమిటో పోల్చుకోవచ్చు.